‘హాంగ్ తువా’ను రెండోసారి చూస్తే

సూపర్ హీరో అనగానే నేటి పిల్లలకు గుర్తొచ్చేది సాలెపురుగు కుట్టిన కుర్రవాడో, వేరే గ్రహం నుంచి ఊడిపడ్డ పసివాడో. ఒక మామూలు మనిషికి అసాధారణ శక్తి ఎలా వచ్చింది, దానితో అతడు ఏం చేశాడు అన్నదే ఆ తరహా చిత్రాల కథ. అటువంటి చిత్రమొకటి మన సింగపూరులో 1956లోనే తయారైంది. దాని పేరు ‘హాంగ్ తువా’.

బాలెస్టియర్ రోడ్డు పక్కన జలాన్ అంపాస్ అనే వీధిలో షా సోదరుల మలయ్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ స్టూడియో ఉండేది. పెట్టుబడి చైనీయులది, నటులు మలయ్‌లు, తొలినాళ్ళలో దర్శకులు ఎక్కువగా భారతీయులు. 1933లో ఇక్కడ ‘లైలా మజ్నూన్’ తీసిన బి.ఎస్. రాజ్‌హాన్స్ ఆ దారి వేశాడు. ‘హాంగ్ తువా’ దర్శకుడు ఫణి మజుందార్ కలకత్తా న్యూ థియేటర్స్‌లో పనిచేసినవాడు. 1938లో సైగల్‌తో ‘స్ట్రీట్ సింగర్’ తీసినవాడు. కథానాయకుడూ, సంగీత దర్శకుడూ పి. రామ్లీయే. 1957లో ఈ చిత్రం బెర్లిన్ చలనచిత్రోత్సవానికి వెళ్ళింది. అదే ఏడు టోక్యోలో జరిగిన ఆసియా చిత్రోత్సవంలో రామ్లీకి సంగీతానికి బహుమతి వచ్చింది.

మొదటిసారి చూసేవారికి ఇది వీరుడి ఎదుగుదల కథే. 15వ శతాబ్దపు మలక్కాలో ఒక సామాన్యుల పిల్లవాడు నలుగురు మిత్రులతో కలిసి గురువు దగ్గర యుద్ధవిద్య నేర్చుకుంటాడు. ప్రధానమంత్రి ప్రాణం కాపాడి సుల్తాను కొలువుకు చేరతాడు. జావా ద్వీపంలోని మజపహిత్ రాజ్యంలో తామింగ్ సారి అనే యోధుణ్ణి ఓడించి, ధరించినవారిని అజేయుల్ని చేసే అతడి కత్తిని, అంటే ‘క్రిస్’ను, పొందుతాడు. శక్తి వచ్చింది, హీరో పుట్టాడు. ఇంకేం కావాలి?

రెండోసారి చూస్తే కన్ను కత్తి మీద నిలవదు, తున్ తేజ మీద నిలుస్తుంది. పహాంగ్ రాజ్యానికి చెందిన ఆమెను సుల్తాను కోరుకుంటాడు. తువా వెళ్ళి ఆమె మనసు గెలిచి, తన మీద నమ్మకంతో వెంట వచ్చిన ఆ మనిషిని తీసుకెళ్ళి సుల్తానుకు అప్పగిస్తాడు. మొదటిసారి ఇది హీరో చతురతలా కనిపించే ఘట్టం. తర్వాత జరిగేది తెలిసి చూస్తే, ఇతడి బలమే కాదు, ఇతడి మీద ఇతరులు పెట్టుకున్న ప్రేమ కూడా సింహాసనం ఖాతాలోకే పోతుందని అర్థమవుతుంది.

కత్తి సంగతీ అంతే. ‘హికాయత్ హాంగ్ తువా’ అనే పాత మలయ్ గ్రంథంలో దాన్ని మజపహిత్ రాజు ఇస్తాడు. చాడీలు విని తువాకు మరణశిక్ష వేశాక మలక్కా సుల్తాను అదే కత్తిని అతడి ప్రాణమిత్రుడు జెబాత్‌కు ఇస్తాడు. ప్రధానమంత్రి తువాను చంపకుండా దాచిపెడతాడు. మిత్రుడు చనిపోయాడనుకున్న జెబాత్ తిరగబడతాడు. అతణ్ణి ఎదిరించగలవాడు లేక సుల్తాను తువాను క్షమించి పిలిపిస్తాడు. తనకోసం తిరగబడ్డ మిత్రుణ్ణి తువా తన చేతులతోనే చంపుతాడు.

మన ‘గయోపాఖ్యానం’ తెలిసినవారికి ఇది కొత్త చిక్కేమీ కాదు. అక్కడా ఇచ్చిన మాట కోసం కృష్ణార్జునులు ఒకరి మీద ఒకరు ఆయుధమెత్తుతారు. అయితే చివరికి యుద్ధం ఆగుతుంది, స్నేహం నిలుస్తుంది. మలక్కాలో అడ్డుపడేవారు ఎవరూ లేరు. అందుకే మజుందార్ చిత్రం విజయోత్సవంతో ముగియదు. ఒప్పు జెబాత్‌దా, తనదా అని తువా తనను తాను ప్రశ్నించుకోవడంతో ముగుస్తుంది.

ఆ ప్రశ్న అడిగిన కాలాన్ని గమనించాలి. 1956లోనే సింగపూరు స్వపరిపాలన కోసం డేవిడ్ మార్షల్ లండన్‌లో జరిపిన చర్చలు విఫలమై, ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశాడు. మరుసటి ఏడు మలయా స్వతంత్రమైంది. విధేయత ఎవరికి చూపాలి, రాజుకా, న్యాయానికా అన్నది అప్పుడు పుస్తకాల్లోని చర్చ కాదు. 1961 నాటికి ఇదే ఊళ్ళో క్యాథే-క్రిస్ సంస్థకు హుస్సేన్ హనీఫ్ ‘హాంగ్ జెబాత్’ తీశాడు. అందులో నార్దిన్ అహ్మద్ వేసిన తిరుగుబాటుదారే కథానాయకుడు. 1964లో కాసిం అహ్మద్ గ్రంథం కూడా జెబాత్ పక్షానే వాదించింది. అయిదేళ్ళు గడిచేసరికి ఒక జాతి తన హీరోను మార్చుకునేందుకు సిద్ధపడిందన్నమాట. ఆ మార్పుకు బీజం పాత చిత్రం ముగింపులోనే ఉంది.

కొలువు కోసం సముద్రం దాటి వచ్చిన మనవంటి వారికి ఈ కథ పరాయిది కాదు. విద్య మనదే, శ్రమ మనదే. వాటిని ఎవరికోసం, ఎంతవరకు వాడాలన్న నిర్ణయం మాత్రం మన చేతిలో ఎంత ఉంది? శక్తి ఎలా వస్తుందో చెప్పే చిత్రాలు పిల్లలకు బోలెడు దొరుకుతాయి. వచ్చిన శక్తి ఎవరి సొత్తు అని అడిగే చిత్రాలు అరుదు. ‘హాంగ్ తువా’నూ, ‘హాంగ్ జెబాత్’నూ ఒకదాని తర్వాత ఒకటి వాళ్ళకు చూపించి, ఇద్దరిలో ఎవరు హీరో అని అడిగి చూడండి. వాళ్ళు వెంటనే జవాబు చెప్పలేకపోతే మంచిదే.