బొగ్గుబాయి మూసి జెయింట్ వీల్ తెరిచిన ఊరు

మాది ఇల్లెందు. మా వైపు వాళ్ళు బొగ్గుట్ట అంటారు. మా నాన్నా, చిన్నాయనా ఇద్దరూ బాయి పనే చేశారు. ఆ జీతంతోనే నేను చదువుకుని, అందరిలాగే హైదరాబాద్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

2022 డిసెంబర్లో ఆర్టీసీ వాళ్ళు హైదరాబాద్ నుంచి 'సింగరేణి దర్శన్' అని బస్సు టూరు మొదలుపెట్టారు, గుర్తుందా? రామగుండం వైపు బాయిలు తీసుకెళ్ళి చూపించే టూరు. అది చూసిన మా చిన్నాయన కొడుకు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, పైసలిచ్చి మరీ బాయిలు చూస్తున్నరంట. మన కాడ ఎన్ని బాయిలు మూసిండ్రు? ఒకదాంట్ల లైట్లు పెట్టి తెరిస్తే మస్తుగొస్తరు. నాయన గ్రాట్యుటీ పైసలున్నయ్, కొంచెం బ్యాంకు లోను తీస్కొని మెయిన్ రోడ్డు మీద లాడ్జి కడదామనుకుంటున్న. ఏమంటవ్?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మూసిన బాయిలో లైట్లు పెట్టి టూరిస్టుల్ని పిలిచిన ఒక ఊరిని నేను చూసొచ్చాను. ఆ ఊరి పేరు యూబారి. జపాన్ ఉత్తర కొసన హొక్కైదో దీవిలో ఉంది. ఒక ప్రాజెక్టు మీద టోక్యోలో ఉన్నప్పుడు, 2018 అక్టోబర్లో నాలుగు రోజులు సెలవు దొరికితే వెళ్ళాను. అందరూ సప్పొరోలో బీరు తాగి వస్తారు, నేను బొగ్గు మ్యూజియం చూడ్డానికి పోయాను. (మా టీమ్ వాళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.)

సరే, కథలోకి వద్దాం.

ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. యూబారి సంగతీ దాదాపు ఇంతే. 1888లో కొండ పక్కన బొగ్గు పొర బయటపడింది, 1889లో హొక్కైదో బొగ్గు-రైల్వే కంపెనీ పుట్టింది, 1890లో గని తెరిచారు. రెండు ఊళ్ళూ ఒక ఈడువే అన్నమాట! రెండిట్లోనూ కంపెనీయే ఊరు. ఇల్లు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, నీళ్ళు కంపెనీవి. మ్యూజియంలో పాత కార్మికుల ఇళ్ళ ఫోటోలు చూస్తుంటే మా క్వార్టర్ల లైనే గుర్తొచ్చింది.

1960 నాటికి యూబారి జనాభా 1,16,000 దాటింది. చిన్నా పెద్దా కలిపి ఇరవైకి పైగా గనులు. కానీ అప్పటికే జపాన్ ప్రభుత్వం బొగ్గు మాని చమురు వైపు తిరిగింది. తర్వాత విదేశాల బొగ్గు కూడా చౌకగా రావడం మొదలైంది. ఒక్కో గనీ మూతపడుతూ వచ్చింది. కంపెనీ మాత్రం ఆశ వదలక 1970లలో ఇంకా లోతైన కొత్త గని తెరిచింది. 1981 అక్టోబర్ 16న అందులో గ్యాస్ ప్రమాదం, ఆపైన మంటలు. మంట ఆరట్లేదు. లోపల ఇంకా 59 మంది జాడ తెలీదు. చివరికి కుటుంబాల దగ్గర ఒప్పుకోలు తీసుకుని గనిలోకి నీళ్ళు వదిలారు. మొత్తం 93 మంది పోయారు. మరుసటి ఏడాది ఆ గని మూసేశారు. 1990లో ఊళ్ళో ఆఖరి గని కూడా మూతపడింది.

బాయి కార్మికుడి కొడుకుని కదా, ఆ నీళ్ళు వదిలిన సంగతి చదివాక చాలాసేపు ఇంకో బోర్డు చదవలేకపోయాను.

మనవాళ్ళు తక్కువగా మాట్లాడుకునే విషయం ఒకటుంది. కంపెనీ వెళ్ళిపోతే ఉద్యోగాలు పోతాయి, అది అందరికీ తెలుసు. మరి కంపెనీ కట్టిన ఇళ్ళు, ఆస్పత్రి, నీటి సరఫరా ఎవరు చూడాలి? యూబారిలో అవన్నీ మునిసిపాలిటీ నెత్తిన పడ్డాయి. గనుల మూసివేత తర్వాత వాటి కోసం ఊరు పెట్టిన ఖర్చు సుమారు 5,830 కోట్ల యెన్లు. అందులో సగానికి పైగా అప్పే. అంటే టూరిజం సంగతి పక్కన పెట్టినా ఆ ఊరు అప్పులో కూరుకుపోయింది. యూబారి దివాళా గురించి రాసేవాళ్ళు చాలామంది ఇది వదిలేసి నేరుగా మేయర్ని తిడతారు.

ఆ మేయరు పేరు నకాతా తెత్సుజి. 1979 నుంచి 2003 దాకా 24 ఏళ్ళు ఆయనే. ఆయన నినాదం ఒక్కటే, బొగ్గు నుంచి టూరిజానికి. 1980లో బొగ్గు మ్యూజియం తెరిచారు. దాని చుట్టూ 'బొగ్గు చరిత్ర గ్రామం' అని పెద్ద పార్కు కట్టారు. జెయింట్ వీల్, రోలర్ కోస్టర్, రోబో మ్యూజియం, మెలన్ పేరుతో ఒక కోట.. ఏది తోస్తే అది. 1990లో అంతర్జాతీయ సినిమా పండుగ మొదలైంది. 1993లో దానికి క్వెంటిన్ టరంటినో వచ్చాడు. 'కిల్ బిల్' చూసినవాళ్ళకి గొలుసు గుండు తిప్పే స్కూలు పిల్ల గోగో యూబారి గుర్తుండే ఉంటుంది. ఆ పేరు ఈ ఊరిదే.

కొన్నాళ్ళు బాగానే నడిచినట్టు కనిపించింది. 90ల మొదట్లో ఏడాదికి 20 లక్షలకు పైగా జనం వచ్చారు. దేశమంతా ఈ మేయర్ని మెచ్చుకుంది. అప్పు ఇచ్చే బ్యాంకులకూ అభ్యంతరం లేదు. పైగా 1987లో కేంద్రమే రిసార్టుల చట్టం తెచ్చి ఊరూరా ఇలాంటివి కట్టండని ప్రోత్సహించింది. దాంతో పార్కు లేని ఊరు లేకుండా పోయింది. బుడగ పేలింది. జనం చేతిలో డబ్బు తగ్గింది. చూసిన జెయింట్ వీలే మళ్ళీ చూడ్డానికి ఎవరొస్తారు?

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఊళ్ళో స్కీ రిసార్ట్ నడుపుతున్న ప్రైవేటు కంపెనీ ఇక మావల్ల కాదని వెళ్ళిపోతుంటే, 1996లో హోటల్నీ, 2002లో స్కీ కొండనీ మునిసిపాలిటీయే కొనేసింది. రెండోదానికే 260 కోట్ల యెన్లు. మూసేస్తే ఉన్న నాలుగు ఉద్యోగాలూ పోతాయని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మార్కెట్ తెలిసిన కంపెనీయే వద్దనుకున్నదాన్ని, సగం ఖాళీ అయిన ఊరు ఎలా నడుపుతుంది? ఈలోపు బొగ్గు ప్రాంతాలకి కేంద్రం సాయం అందించే ప్రత్యేక చట్టం 2001లో ముగిసిపోయింది.

మరి ఇన్నేళ్ళు లోటు ఎందుకు బయటపడలేదు? ఇది మన ఐటీ జనానికి ఇట్టే అర్థమవుతుంది. జపాన్లో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసినా, లెక్కలు సర్దుకోడానికి పాత పుస్తకాలు మే చివరి దాకా తెరిచే ఉంచుతారు. అంటే ఏప్రిల్, మే నెలల్లో రెండేళ్ళ ఖాతాలూ ఒకేసారి నడుస్తాయి. యూబారి ఏం చేసిందంటే, కొత్త ఏడాది ఖాతాలోంచి టూరిజం ఖాతాకి అప్పిచ్చి, ఆ డబ్బుతో పాత ఏడాది లోటు పూడ్చి, లెక్క సరిపోయిందని పుస్తకం మూసేసింది. కొత్త ఏడాదికి పడిన గొయ్యిని బ్యాంకు చేబదులుతో కప్పేది. మళ్ళీ వచ్చే ఏప్రిల్లో ఇంకాస్త పెద్ద మొత్తంతో అదే పని. ఒక క్రెడిట్ కార్డు బిల్లు ఇంకో క్రెడిట్ కార్డుతో కట్టడం తెలుసు కదా, అదే. ఏటా చూపించే లెక్కలో మాత్రం అంతా పచ్చగానే ఉంది!

2006 జూన్‌లో ఇక దాచలేక చేతులెత్తేశారు. ఊరి ఏడాది మామూలు రాబడి 440 కోట్ల యెన్లయితే, తీర్చాల్సిన లోటు 3,530 కోట్లు. ఎనిమిదేళ్ళ రాబడి! 2007 మార్చిలో ఊరు అధికారికంగా కేంద్రం పర్యవేక్షణలోకి వెళ్ళింది. తర్వాత జరిగింది కోతలే. మునిసిపల్ ఉద్యోగులు సగానికి సగం తగ్గారు, ఉన్నవాళ్ళ జీతాలు కోశారు. 171 పడకల ఆస్పత్రి 19 పడకల క్లినిక్ అయింది. లైబ్రరీ మూసేశారు. బళ్ళన్నీ కలిపేసి ఒక ప్రాథమిక పాఠశాల, ఒక మాధ్యమిక పాఠశాల మిగిల్చారు. పన్నులు పెరిగాయి, చెత్త తీసుకెళ్ళడానికీ డబ్బులే. 2010లో మార్చిన ప్రణాళిక ప్రకారం ఈ బాకీ 2026 ఆర్థిక సంవత్సరం దాకా నడుస్తుంది. జెయింట్ వీల్ ఎక్కిన పిల్లల పిల్లలు కూడా దాని అప్పు కడుతున్నారన్నమాట.

ఇదంతా చదివి "టూరిజం దండగ" అంటే నేను ఒప్పుకోను. నా గొడవ అది కాదు. బొగ్గున్నప్పుడు ఊరి బతుకు కంపెనీ చేతిలో ఉంది. టూరిజం వచ్చాక ఎక్కడో సప్పొరోలో, టోక్యోలో ఉండేవాడి సెలవుల మూడ్ మీదా, బ్యాంకు దయ మీదా పడింది. తాళం చెవి చేతులు మారింది తప్ప ఊరి చేతికి రాలేదు.

అదే ఊళ్ళో తాళం చెవి తమ దగ్గర పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, రైతులు. గనులు జోరుగా నడుస్తున్న 1960లోనే 17 రైతు కుటుంబాలు కలిసి మెలన్ సంఘం పెట్టుకున్నాయి. మన కర్బూజాకి దగ్గరి చుట్టం అనుకోండి. అక్కడిది అగ్నిపర్వత బూడిద నేల, వరికి పెద్దగా పనికిరాదు. ఆ నేలకి తగ్గట్టు రెండు రకాల్ని కలిపి 'యూబారి కింగ్' అనే సంకర రకం తయారుచేశారు. విత్తనం వాళ్ళ సహకార సంఘం దగ్గరే ఉంటుంది, బయటికి పోదు. కాయలన్నీ తనిఖీ చేస్తారు, నాసిరకానికి ఊరి పేరు వాడనివ్వరు. ఊరు దివాళా తీసినా మెలన్ దివాళా తీయలేదు. 2015లో జపాన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చిన మొదటి జాబితాలోనే దాని పేరుంది. 2019 సీజన్ మొదటి వేలంలో రెండు కాయలు 50 లక్షల యెన్లకు పోయాయి. (అది ప్రచారం కోసం పెట్టే ధరే లెండి. మామూలు కాయ కూడా నాకు ఒకటి కొనే ధైర్యం చాలలేదు, ముక్క కొనుక్కుని తిన్నాను.)

అలాగని మెలన్ ఊరిని కాపాడిందని చెప్పను. దాని మీద బతికేవి సుమారు వంద కుటుంబాలు. లక్షమందిని పోషించిన బొగ్గుకి అది సాటి రాదు. 2020 జనగణనలో యూబారి జనాభా 7,300. కానీ ఆ వంద కుటుంబాలకి ఎవడూ వచ్చి తాళం వేసి పోలేడు.

హోటళ్ళ సంగతి చూడండి. 2017లో ఊరు తన రిసార్ట్ ఆస్తుల్ని దాదాపు 22 కోట్ల యెన్లకి చైనా పెట్టుబడిదారుడి కంపెనీకి అమ్మేసింది. 2019లో అవి హాంకాంగ్ ఫండ్ చేతికి పోయాయి. 2020లో కరోనా వచ్చింది, ఆ ఏడాది చివర్లో రిసార్ట్ కంపెనీ చేతులెత్తేసింది. నేను వెళ్ళినప్పుడు ఒంటి పెట్టె డీజిల్ రైలు దిగితే ఎదురుగా ఆ హోటలే. 2019 మార్చి 31తో ఆ రైలూ ఆగిపోయింది. బస్సులు బాగుచేయించుకోడానికి బదులుగా, రైలు తీసేయమని 2016లో ఊరి మేయరే ముందుకొచ్చి అడిగాడు. ఆయన టోక్యో నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన ఉద్యోగి, 2011లో 30 ఏళ్ళకే మేయర్ అయిన సుజుకి నవోమిచి. తర్వాత హొక్కైదో గవర్నర్ అయ్యాడు. ఇంకొక్క మాట. నేను నడిచిన ఆ మ్యూజియం సొరంగానికి 2019 ఏప్రిల్లో నిప్పంటుకుంది. ఆర్పడానికి నీళ్ళే వదిలారు. ఈసారి లోపల ఎవరూ లేరు, అంతే తేడా.

మనం నవ్వుకోడానికేం లేదు. 2020లో వర్క్ ఫ్రం హోం ఇవ్వగానే మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళు ఎలా ఖాళీ అయ్యాయో చూశాం. లోన్లు తీసి అంతస్తుల మీద అంతస్తులు వేసినవాళ్ళ తాళం చెవి మన మేనేజర్ల దగ్గరుంది. మన తాళం చెవి అమెరికాలో ఎవరి దగ్గరుందో మనకే తెలీదు. సింగరేణిలోనూ 90ల మొదట్లో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకి వచ్చారు. దసరాకి లాభాల వాటా పడితేనే కళకళలాడే బజారు మాది. అది పడని దసరా గురించి మా ఊళ్ళో ఎవరూ మాట్లాడరు.

తమ్ముడికి రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. ఇదంతా చెప్పాను. "అంటే వద్దంటవా?" అన్నాడు నీరసంగా. వద్దనలేదు. చిన్నాయన డబ్బు ముట్టుకోవద్దన్నాను. ముందు ఉన్న ఇంట్లోనే రెండు గదులు బాగుచేయించు, టూరిస్టు రాని పది నెలలు అవే గదులు ఎవరికి అద్దెకివ్వగలవో లెక్క రాసి పంపు అన్నాను. ఆ లెక్క తేలితే నేనూ కొంత పెడతానన్నాను.

ఇంకా పంపలేదు. "రాస్తున్న అన్నా, పది నెలల కాడే ఆగిన" అంటున్నాడు. ఆగడం మంచిదే అనిపించింది. యూబారిలో ఆ పేజీ దగ్గర ఎవరూ ఆగలేదు.