లా చదివితే కోర్టు ఒక్కటే దారా? దౌత్యం నుంచి టెక్నాలజీ పాలసీ దాకా

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఇంటర్ తర్వాత బీటెక్ మాటే వస్తుంది. ఊరి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్, అక్కడే విమాన విడిభాగాలు తయారుచేసే టాటా ఫ్యాక్టరీలు ఉన్నాక ఇంకో మాట రావడం కష్టమే. లా చదువుతానన్న పిల్లలకు "నల్లకోటు వేసుకుని కోర్టు మెట్లెక్కడమేగా" అనే జవాబు దొరుకుతుంది. చేరేవాళ్లలో కొందరి లెక్క మాత్రం వేరు. సివిల్స్ రాయాలి, ఐఎఫ్ఎస్ తెచ్చుకోవాలి, రాయబారి కావాలి.

ఆ కలకు హైదరాబాద్‌లోనే ఒక నమూనా ఉంది. సయ్యద్ అక్బరుద్దీన్ 1985 బ్యాచ్ ఐఎఫ్ఎస్ అధికారి. తండ్రి బషీరుద్దీన్ ఉస్మానియాలో జర్నలిజం ప్రొఫెసర్, ఖతర్‌లో భారత రాయబారిగానూ చేశారు. అక్బరుద్దీన్ విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి అయ్యారు, 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. రిటైరయ్యాక గీతం హైదరాబాద్ క్యాంపస్‌లోని కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్‌గా వచ్చారు.

దౌత్యం పని కూడా ఇప్పుడు మారిపోయింది. 2017లో డెన్మార్క్ ఏకంగా టెక్నాలజీ కంపెనీలతో మాట్లాడటానికే ఒక రాయబారిని పెట్టింది. 2020లో భారత విదేశాంగ శాఖలో కొత్త టెక్నాలజీల కోసం ప్రత్యేక విభాగం మొదలైంది. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్‌ను ఆమోదించింది. ఒప్పందంలో ఒక్క పదం మారితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూడగలిగే లా విద్యార్థికి ఈ రెండు రంగాల మధ్య గోడ పెద్దగా ఉండదు.

ఇంతకీ టెక్నాలజీ పాలసీ అంటే ఏమిటి? రేషన్ కార్డు సంగతి చూస్తే చాలు. 2014 తర్వాత తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్కతో తీసేశారంటూ హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రద్దయిన కార్డులను మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. ఒకే పేరున్నవాళ్లు వీధికి నలుగురు. అదే పేరు ఒక కాగితంలో ఎండీ, మరోదాంట్లో మొహమ్మద్. రిక్షా తొక్కేవాడి పేరు కారున్నవాడి పేరుతో కలిసిపోతే పోయేది ఆ ఇంటి బియ్యం.

అదే మసూద్‌ను 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీశారు. ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీ వాడకాన్ని ఆయన హైకోర్టులో సవాలు చేశారు. 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. ఇలాంటి వాదనలకు పునాది 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కని అది తేల్చింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కానీ, అందులో ప్రభుత్వానికిచ్చిన మినహాయింపులు తక్కువేమీ కావు. చదవాల్సింది ముందు ఆ మినహాయింపులనే.

ఈ రంగంలో చదువుకుంటున్న అమ్మాయిలు వేసిన కేసులూ ఉన్నాయి. 2012లో శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్‌పై 2015లో ఐటీ చట్టం 66ఏ సెక్షనే రద్దయింది. కేరళలో బీఏ చదివే ఫహీమా షిరిన్ హాస్టల్‌లో ఫోన్ ఆంక్షలను ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. అమ్మాయి చేతిలో ఫోన్ గురించి గొడవపడే ఇళ్లు ఈ తీర్పు ఒకసారి చూడొచ్చు.

దారి సంగతి. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు. రాష్ట్రంలోని కాలేజీలకు లాసెట్ రాయాలి, ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో జనరల్‌కు 45, బీసీలకు 42 శాతం మార్కులుండాలి. అర్హులైన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కోటా ఉంది, సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. శామీర్‌పేటలోని నల్సార్‌కు క్లాట్ వేరే రాయాలి. సివిల్స్ వదులుకోవాలనేమీ లేదు. జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల వరకు, ఆరు ప్రయత్నాలు. ఈలోగా 25 ఏళ్లు దాటని గ్రాడ్యుయేట్లు ఒక ఎంపీ దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. పార్లమెంటులో బిల్లు ఎలా కదులుతుందో అక్కడ దగ్గరుండి తెలుస్తుంది, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు.