ఓడ బొమ్మ నాణెం: వెల, విలువ

శాతవాహనుల సీసపు నాణేలలో రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ గలవి కొన్ని ఉన్నవి. క్రీ.శ. 2వ శతాబ్దంలో వాశిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి ఇట్టివి వేయించినారు. తూర్పు తీరాన దొరికే ఈ నాణేలకు పాతవస్తువుల బజారులో గిరాకీ ఉన్నది. కాని బజారు చెప్పేది వెల. చరిత్రకు కావలసింది విలువ.

ముందు గుర్తింపు సంగతి చూద్దాం. ఒకవైపు ఓడ, దాని చుట్టూ బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో రాజు పేరు. రెండోవైపు అడ్డగీత, నిలువుగీతల కొనలకు నాలుగు వృత్తాలు గల ‘ఉజ్జయినీ చిహ్నం’. సీసం మెత్తన కనుక అక్షరాలు త్వరగా అరుగుతవి. కొద్ది వేడికే కరుగుతుంది కనుక నకిలీ పోత పోయడం కూడా సులువే. అక్షరాల అంచులు మొద్దుబారి, పైన గాలిబుడగల గుంటలు కనిపిస్తే అనుమానించవలసిందే. మట్టిలో చిరకాలం ఉన్న సీసానికి బూడిదరంగు పొర పడుతుంది. మెరుపు కోసం దాన్ని గీకినవాడు సాక్ష్యాన్నే గీకివేసినట్లు.

నాణెం అసలుదని తేలినా చరిత్ర తేలదు. ఎక్కడ, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందన్నదే దానికి ప్రాణం. ఇందుకు నిదర్శనం సిరిసిల్లకు దూరాన లేదు. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉన్నది. అక్కడి నాణేలపై పి.వి. పరబ్రహ్మశాస్త్రి ‘సిముక’ పేరు చదివినారు. పురాణాలలోను, నానేఘాట్ గుహలోను కనిపించే పేరు తెలంగాణ మట్టిలో దొరికింది! అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏ షావుకారు పెట్టెలోనో చేరివుంటే, శాతవాహనుల తొలినాళ్ళను ఈ నేలతో ముడిపెట్టే వాదానికి ఆధారమే మిగిలేది కాదు.

ఇక ఓడ మాట. పులుమావి కాలపు నాసిక్ శాసనం, అతని తండ్రి గౌతమీపుత్రుని వాహనాలు మూడు సముద్రాల నీరు త్రాగినవని పొగుడుతుంది. ఓడలో పోయింది రాజు కీర్తి కాదు, సరుకు. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం ‘పెరిప్లస్’ తూర్పు తీరపు మసాలియాలో సన్ననిబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. పడమటి రేవు భరుకచ్ఛానికి దిగే సరుకులలో సీసాన్ని పేర్కొంటుంది. అంటే బట్ట పోయేది, లోహం వచ్చేది. ఆ బట్ట నేసినవాని పేరు ఏ నాణెంమీదా లేదు. నాటి మగ్గాలతో సిరిసిల్ల మగ్గాలకు తెగని సంబంధం ఉన్నదని చెప్పడం చరిత్ర కాదు. కాని బట్ట వెలకూ నేతకూలికీ గల దూరం తెలిసిన ఊరు ఈ లోపాన్ని గమనించక మానదు.

డి.డి. కోశాంబి వేలాది విద్ధాంక నాణేలను తూచి, అరుగుదలనుబట్టి అవి ఎంతకాలం చలామణి అయినవో లెక్కగట్టినాడు. బజారులో వెల తగ్గించే అరుగుదలే ఆయనకు చరిత్ర అయింది.

1878 నాటి నిధుల చట్టం, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్నది. 1972 చట్టం పురావస్తువులను ప్రైవేటువారు విదేశాలకు పంపడాన్ని నిషేధించింది. అయితే చట్టంకన్న ముందు చేరగలవాడు బడిపంతులు. పిల్లవాడు పొలంలో దొరికిన బిళ్ల తెస్తే తోమవద్దు. ఊరు, పొలం, తేదీ, తూకం వ్రాసిపెట్టి పురావస్తుశాఖకు చేర్పించాలి. ఆ నాలుగు ముక్కలు లేకపోతే నాణెం అమ్ముడుపోతుంది. మన చరిత్రలో ఒక పుట దానితోపాటే పోతుంది.