పడవ పందెం పడవలోంచే చూడాలి

తెరచాప పడవల పందేలను ఇంగ్లీషులో రెగట్టా అంటారు. ఆ మాట పుట్టింది ఇటలీలోని వెనిస్‌లో. వీధులకు బదులు కాలవలుండే ఊరు అది. అక్కడ మొదట్లో జరిగినవి తెడ్ల పడవల పందేలు. పందెం వేసేవాళ్ళూ నీళ్ళ మీదే, చూసే జనంలో చాలామందీ నీళ్ళ మీదే. 1493లో మిలాన్ నుంచి బియాట్రిస్ అనే రాచకుటుంబపు ఇల్లాలు వెనిస్ వస్తే, ఆవిడ గౌరవార్థం ఆడవాళ్ళ చేతనే పడవలు నడిపించి పందెం పెట్టారట. ఐదు వందల ఏళ్ళ కిందటి మాట ఇది!

ఇంకో మూడున్నర శతాబ్దాలు ముందుకు వస్తే ఇంగ్లండులో 1851 ఆగస్టు 22న జరిగిన పందెం ఉంది. వైట్ దీవి చుట్టూ తిరిగి రావాలి. విక్టోరియా రాణి తన ఓడలో కూర్చుని చూసింది. అమెరికా నుంచి వచ్చిన ఓడ, దాని పేరు కూడా అమెరికానే, అందరినీ దాటేసింది. రెండో స్థానం ఎవరిదని రాణి అడిగితే, రెండోది లేనే లేదమ్మా అని పక్కనున్నవాళ్ళు చెప్పారని ఒక కథ. నిజంగా అలాగే అన్నారో లేదో గానీ, అమెరికాస్ కప్ అనే పోటీకి ఆ పేరు ఆ ఓడ నుంచే వచ్చింది. ఇప్పటికీ ఐరోపాలో పాతకాలపు కొయ్య పడవలను బాగుచేసుకుని పందేలు వేస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా పడవలు కట్టించుకుని వెనకాల వెళ్తారు.

మార్కాపురం పక్కన కాపురం చేసుకునే దానికి ఈ కబుర్లన్నీ ఎందుకు అంటారా? కారణం మా చెల్లెలి కూతురు. పదకొండేళ్ళది, సికింద్రాబాద్‌లో చదువుకుంటోంది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటానని పట్టుబట్టింది. మా అమ్మ ససేమిరా వద్దంది. అమ్మ మాటకి వెనక ఒక దుఃఖం ఉంది. ఆమె తమ్ముడు తొమ్మిదేళ్ళప్పుడు ఊరి కుంటలో ఈతకు దిగి మళ్ళీ పైకి రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఈత నేర్చుకోలేదు. "నీళ్ళ దగ్గరికి పోవద్దు" అనే మాట వింటూనే నేనూ మా చెల్లెలూ పెరిగాం, మా పిల్లల్నీ అదే మాట చెప్పి పెంచాం.

చెల్లెలు నన్ను పిలిచి, "అక్కా, నువ్వొచ్చి ఒకసారి చూడు. చూసి నువ్వే చెప్పు" అంది. జూలైలో వెళ్ళాను. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ అని ఏటా వానాకాలం మొదట్లో అక్కడ పోటీలు జరుగుతాయి. దాదాపు నాలుగు దశాబ్దాలుగా జరుపుతున్నారు. సైన్యంలోని ఈఎంఈ విభాగం వాళ్ళ సెయిలింగ్ అసోసియేషన్ దీనికి పెద్ద దిక్కు. నైరుతి గాలి బాగా వీచే రోజులు కాబట్టి ఆ నెల ఎంచుకుంటారు. మనం ఆ గాలికి ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయని క్లిప్పులు పెట్టుకుంటాం, వాళ్ళేమో ఆ గాలి కోసమే ఏడాదంతా ఎదురు చూస్తారు.

హుస్సేన్‌సాగర్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు. కట్టించిన హుస్సేన్ షా వలీ పేరే దానికి పెట్టారు. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో, అంటే ఊరికంటే చెరువే పెద్దది. ఒకప్పుడు తాగునీళ్ళకి కూడా వాడుకున్నారు. 1806లో చెరువుకి అవతల సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది, బ్రిటిషు దండు దిగింది. ఇప్పటికీ తెరచాపల సందడంతా ఎక్కువగా ఆ సికింద్రాబాద్ వైపునే. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బూ, సైన్యం వాళ్ళ సంఘమూ ఉన్నాయి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ బడుల పిల్లలకీ, చేతిలో పెద్దగా డబ్బు ఆడని ఇళ్ళ పిల్లలకీ కూడా నేర్పుతోంది. ఇది గొప్పింటి ఆట అనుకునేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదట కట్ట మీద నిలబడి చూశాం. తెల్ల కొంగల గుంపులా కనిపించింది. అందంగా ఉంది గానీ ఎవరు ముందో ఎవరు వెనకో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక పడవ ఇటు పోతుంది, ఇంకోటి దానికి ఎదురుగా వస్తుంది. ఇదేం పందెం అనిపించింది. అప్పుడు లుంబినీ పార్కులో టికెట్టు తీసుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్ళే పడవ ఎక్కాం. ఆ పడవ పందేలు జరిగే చోటికి వెళ్ళదు, దూరంగానే పోతుంది. అయినా నీళ్ళ మీదికి రాగానే చూపు మారిపోయింది. మొహానికి గాలి కొట్టింది. ఆ గాలి ఎటు నుంచి వస్తోందో ఒంటికి తెలిశాక, పడవలు అటూ ఇటూ ఎందుకు పోతున్నాయో అర్థమైంది.

సంగతి ఇది. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలికి ఏటవాలుగా కొంతదూరం ఒక పక్కకి, మళ్ళీ తిప్పి ఇంకో పక్కకి, కొండదారి మలుపుల్లా పైకి ఎక్కాలి. మా నల్లమల ఘాటు రోడ్డు ఎక్కినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎవరి లెక్క వాళ్ళది కాబట్టి పడవలు ఒకదానికొకటి ఎదురు పోతున్నట్టు కనిపిస్తాయి. పైన తేలే బుడ్డీ దగ్గర మలుపు తిరిగాక గాలి వెనక నుంచి తోస్తుంది, అప్పుడు తెరచాప పూర్తిగా విప్పుతారు.

మొదలుపెట్టడం కూడా వింతగా ఉంటుంది. ఆగి నిలబడడానికి నీళ్ళ మీద బ్రేకులు లేవు కదా. న్యాయనిర్ణేతల పడవ మీద ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాల ముందు ఇంకోటి ఎగరేస్తారు, ఒక నిమిషం ఉందనగా అది దించుతారు. ఈలోగా అందరూ గీత వెనకాల చక్కర్లు కొడుతూ, సరిగ్గా ఆ క్షణానికి గీత దగ్గరికి వచ్చేలా చూసుకోవాలి. ముందే దాటితే వెనక్కి రావాలి. గెలిచినవాళ్ళకి ఒక పాయింటు, రెండోవాళ్ళకి రెండు. చివరికి ఎవరి లెక్క తక్కువైతే వాళ్ళదే గెలుపు. నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పందేలు అన్నీ అయ్యాక బాగా పాడైన ఒక పందేన్ని లెక్కలోంచి తీసేస్తారు. సంసారంలో కూడా ఏడాదికి ఒక రోజు అలా తీసేసే వీలుంటే ఎంత బావుండు!

పెద్దవాళ్ళు నడిపే లేజర్ పడవ పొడవు పద్నాలుగు అడుగులకి కాస్త తక్కువ. దానికి ఒకటే తెరచాప, నడిపేదీ ఒక్కరే. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పిల్లలది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే చేసిన పడవ. ఎనిమిది అడుగులు కూడా ఉండదు, మన స్నానాల గదిలో పట్టేంత. పదిహేనేళ్ళ లోపు పిల్లలు నడుపుతారు.

అలాంటి చిన్న పడవ ఒకటి మేం చూస్తుండగా బోర్లా పడింది. నా గుండె ఆగినంత పనైంది. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లైఫ్ జాకెట్టు వేసుకున్న ఆ పిల్ల నీళ్ళలో తేలింది, పడవ చుట్టూ ఈదుకుంటూ వచ్చింది, అడుగు నుంచి పొడుచుకొచ్చిన పలక మీదికి ఎక్కి బరువంతా వేసి నిలబడింది. పడవ లేచింది. పిల్ల లోపలికి దొర్లి చుక్కాని పట్టుకుంది. రక్షణ పడవ దగ్గరికి వచ్చి ఒక క్షణం చూసి వెళ్ళిపోయింది. పక్కనున్న మా చిన్నది మాత్రం కంగారు పడలేదు. "అది నేర్పాకే పందేలకి పంపుతారు పెద్దమ్మా" అంది.

పలక అనగానే నాకు మా మార్కాపురం గుర్తొచ్చింది. మా ఊరి పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు ఓనమాలు దిద్దారో. ఈ పిల్లలు ఇంకో రకం పలక మీద నిలబడి ఇంకో రకం ఓనమాలు దిద్దుతున్నారు.

తిరిగొచ్చాక అమ్మతో మాట్లాడాలి. అమ్మ భయం ఒక్కింటిది కాదు. మా పశ్చిమ ప్రకాశంలో నీళ్ళంటే బిందె, ట్యాంకరు, ఫ్లోరైడు. గుక్కెడు మంచినీళ్ళ కోసం లెక్కలు వేసుకునే చోట నీళ్ళతో ఆటలేమిటి అనిపించడం సహజమే. అయితే నీళ్ళతో మనకి చుట్టరికమే లేదనుకుంటే కూడా పొరపాటే. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు మన పక్కనే ఉంది. అది కట్టించింది ఒక ఆడమనిషి అని, కృష్ణదేవరాయల భార్య అయిన గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. అలుగు పారిన ఏడు బండ్లు కట్టుకుని చూడ్డానికి వెళ్ళే జనం మనమే.

సముద్రం వైపు చూస్తే చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. రాజు తన డబ్బు మీద ఓడ బొమ్మ వేయించాడంటే అది ఆ రోజుల్లో ఎంత ముఖ్యమో ఆలోచించండి. మొన్నమొన్నటి దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన మోటుపల్లి కాకతీయుల రేవు. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో శాసనం వేయించి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని ఓడవాళ్ళకి అభయం ఇచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి గురించి, ఒక రాణి ఈ దేశాన్ని న్యాయంగా ఏలిందని మార్కో పోలో రాశాడు. ఆ తీరం వెంబడే తర్వాత బకింగ్‌హాం కాలవ వచ్చింది. తెరచాప ఎత్తీ, గాలి లేనప్పుడు ఒడ్డు నుంచి తాళ్ళతో లాగీ ఉప్పూ కట్టెలూ బియ్యం పడవల మీద మద్రాసుకి చేరవేసేవారు. రైళ్ళూ లారీలూ వచ్చాక ఆ తెరచాపలు ఒక్కటొక్కటే దిగిపోయాయి.

ఇవన్నీ అమ్మకి చెప్పాను. వింది గానీ, "రాజుల కాలం సంగతులు నాకెందుకే, మగవాళ్ళు నడిపారులే" అంది. అప్పుడు తారిణి గురించి చెప్పాను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి మన నౌకాదళం ఆడ ఆఫీసర్లు ఆరుగురు ఆ తెరచాప పడవలో బయలుదేరారు. పడవ పొడవు పదిహేడు మీటర్లు. భూమి చుట్టూ తిరిగి 254 రోజుల తర్వాత 2018 మే 21న గోవాకే వచ్చారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు నగరాల వాళ్ళు. పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. అదే పడవలో ఇంకో ఇద్దరు ఆఫీసర్లు, దిల్నా, రూప, 2024 అక్టోబరులో బయలుదేరి 2025 మే చివరికి చుట్టి వచ్చారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్ళందరికీ ఈత వచ్చా?" అని అడిగింది చివరికి. వచ్చమ్మా అన్నాను. "మా తమ్ముడికి ఎవరూ నేర్పలేదు" అంది.

ఆ మాటతో మా ఇంట్లో విషయం తేలింది. ముందు ఈత, అది బాగా వచ్చాకే పడవ. మా చిన్నది ఈత క్లాసులో చేరింది. దాంతోపాటు నలభై ఆరేళ్ళ మా చెల్లెలు కూడా.

హుస్సేన్‌సాగర్ అంతా అందమే అని చెప్పను. నీళ్ళ వాసన ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. మధ్యలో నిలబడ్డ ఆ బుద్ధుడు కూడా 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్ళలో పడిపోయాడు, కొందరు పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకి పైగా అడుగున ఉన్న విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తెచ్చి నిలబెట్టారు. నీళ్ళని తేలిగ్గా తీసుకోకూడదని అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. భయపడి పిల్లల్ని దూరంగా ఉంచడం ఒక దారి, నేర్పించి పంపడం ఇంకో దారి. మొదటి దారిలో మేం రెండు తరాలు నడిచాం.

మీరు హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే జూలైలో పెట్టుకోండి. పోటీల రోజులు ముందే పేపర్లో వస్తాయి. కట్ట మీద నుంచి ఒక చూపు చూసి, తర్వాత టికెట్టు పడవ ఎక్కండి. కొంగు బిగించుకోండి, గాలి ఎక్కువ. పిల్లల్ని తీసుకెళ్ళండి, ముఖ్యంగా ఆడపిల్లల్ని. వాళ్ళకి ఇంకా ఈత రాకపోతే, ఆ ఏర్పాటు ముందు చూడండి.