క్యాన్సర్ అని తేలిందా? అడ్వాన్స్ కట్టే ముందు ఆరోగ్యమిత్రను కలవండి!

బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని రాగానే చాలా కుటుంబాలు చేసే మొదటి పని అప్పు కోసం పరుగెత్తడం. బంగారం తాకట్టు, పొలం బేరం.. ఇవన్నీ ఒక్క రోజు ఆపండి. రేషన్ కార్డు ఉంటే ముందు ఆరోగ్యశ్రీ సంగతి చూడండి.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకంలో క్యాన్సర్ సర్జరీ, కీమోథెరపీ, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వర్తిస్తుంది. ఏపీలో దీని పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితి రూ.25 లక్షలు. 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం 2024 అక్టోబర్‌లో తెచ్చిన రూ.5 లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా ఉంది.

ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. ఆరోగ్యశ్రీ అంటే క్యాష్‌లెస్. ముందు జేబులోంచి కట్టేసి, తర్వాత బిల్లులు పెడితే ట్రస్టు ఆ డబ్బు తిరిగివ్వదు. అందుకే అడ్మిషన్ కౌంటర్ కంటే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్‌కి వెళ్లాలి. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ, స్కాన్ రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రి వాటిని ట్రస్టుకు పంపుతుంది, అక్కడి డాక్టర్లు చూసి అనుమతిస్తారు. కీమోకి ప్రతి సైకిల్‌కీ విడిగా అప్రూవల్ తీసుకోవాలి. కాబట్టి మధ్యలో ఆసుపత్రి మారితే మళ్లీ తిప్పలే. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో, అక్కడ క్యాన్సర్ విభాగం ఉందో లేదో 104కి ఫోన్ చేసి అడగొచ్చు.

అన్నీ ఉచితం అనుకోకండి. ఖరీదైన టార్గెటెడ్ మందులు, ఇమ్యునోథెరపీ లాంటివి ప్యాకేజీలో ఉన్నాయా లేదా అని డాక్టర్‌ని మొదటి రోజే సూటిగా అడగండి. లేకపోతే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కు దరఖాస్తు చేయొచ్చు. తెలంగాణలో నిమ్స్‌లో చికిత్సకైతే ముందుగానే ఎల్‌ఓసీ ఇస్తారు. అంటే చేతి నుంచి కట్టి తర్వాత ఎదురుచూసే బాధ ఉండదు.

మరో చిక్కు బకాయిలు. ప్రభుత్వం డబ్బులివ్వలేదంటూ 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అప్పుడు మధ్యలో ఇరుక్కునేది పేషెంటే. కీమో తేదీలు వాయిదా వేసుకునేవి కావు. అందుకే సర్కారు ఆసుపత్రుల పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రద్దీ విపరీతం, పొద్దున్నే లైన్లో ఉండాల్సిందే. అయినా కార్డు లేనివాళ్లకూ, టెస్టుల దశలో ఉన్నవాళ్లకూ పెద్ద దిక్కు అదే. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి.

చికిత్సతో నయం కాని దశలో ఉంటే? నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ కూడా వైద్యమే. ఎంఎన్‌జేలో ఈ విభాగం ఉంది, తెలంగాణలో జిల్లాల్లోనూ కేంద్రాలు పెట్టారు. ‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’ అన్నారని ఊరుకోకుండా వీటి గురించి అడగండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. చికిత్స కోసం వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్, థర్డ్ ఏసీలో రైలు ఛార్జీ మొత్తం రాయితీ. వెంట వెళ్లే ఒకరికి 75 శాతం. ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం చూపిస్తే కౌంటర్‌లో టికెట్ ఇస్తారు.