కిట్ విమానం: రెక్కలు బిగిస్తే చాలదు, అదుపు కుదరాలి

నర్సీపట్నం: ఇంటి దగ్గరో షెడ్డులోనో సొంతంగా విమానం చేసిన కుర్రాడి వీడియో ఒకటి వచ్చిందంటే వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. పెద్దవాళ్లు ‘మాషా అల్లాహ్’ అని మెచ్చుకుంటారు. ఇంట్లో పిల్లాడు ‘నేనూ చేస్తా’ అంటాడు. చేయకూడనిదేం కాదు. చాలా దేశాల్లో మామూలు ఉద్యోగస్తులు కిట్ కొనుక్కుని, ఇంటి గ్యారేజీలో విమానం బిగించుకుని, అందులో ఎగురుతున్నారు.

కానీ ఇందులో ఇంకో వైపు కూడా ఉంది. 2021 ఆగస్టులో మహారాష్ట్ర యవత్మాళ్ జిల్లాలో వెల్డింగ్ పనిచేసే 24 ఏళ్ల యువకుడు తాను సొంతంగా చేసిన హెలికాప్టర్‌ను నేల మీదే పరీక్షిస్తున్నాడు. తోక వైపు రెక్క విరిగి పైనున్న పెద్ద రెక్కకు తగిలింది. ఆ దెబ్బ తలకు తగిలి అతను చనిపోయాడు. చేతిలో పనితనం లేక ఇలా జరగలేదు. చేసిన పనిని తెలిసినవాళ్లు ఇంకొకరు తనిఖీ చేసే పద్ధతి అక్కడ లేదు. కిట్ విమానంలో రెక్కలు, కంట్రోళ్లు ఎలా బిగిస్తారో, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో, మన దేశంలో దారి ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

కిట్ విమానం అంటే ఏమిటి?

విమానం భాగాలను కంపెనీ కత్తిరించి, వంచి, రంధ్రాలు వేసి పెట్టెల్లో పంపుతుంది. కొన్నవాళ్లు డ్రాయింగుల ప్రకారం బిగించుకోవాలి. అమెరికాలో ఇలాంటి విమానానికి ‘51 శాతం’ నిబంధన ఉంది. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. డబ్బిచ్చి మొత్తం చేయించుకుంటే కుదరదు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు అమెరికాలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్. వాళ్ల ఆర్‌వీ రకం విమానాలు అల్యూమినియం రేకు, రివెట్లతో తయారవుతాయి. మన దేశంలో బెంగళూరులోని రాజ్‌హంస అల్ట్రాలైట్స్ ‘ఎక్స్-ఎయిర్’ అనే తేలికపాటి విమానం కిట్లు తయారుచేసి విదేశాలకు కూడా పంపింది. అందులో రెక్క అంటే అల్యూమినియం గొట్టాల చట్రానికి తొడిగిన గట్టి డాక్రాన్ గుడ్డ.

రెక్క లోపల ఏముంటుంది?

బయటికి నున్నటి పలకలా కనిపించినా రెక్కలో మూడు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. మొదటిది స్పార్. ఇంటికి దూలం ఎలాగో రెక్కకు స్పార్ అలాగ. గాలిలో విమానం బరువంతా దీని మీదే పడుతుంది. అందుకే చాలా కిట్లలో మెయిన్ స్పార్‌ను ఫ్యాక్టరీలోనే తయారుచేసి పంపుతారు. రెండోది రిబ్స్, అంటే పక్కటెముకలు. రెక్కకు ఆ వంపు ఇచ్చేవి ఇవే. మూడోది స్కిన్, పైన కప్పే పలుచటి రేకు.

పని వరస ఇలా ఉంటుంది. ముందు రిబ్స్ అంచులు నునుపు చేసి స్పార్‌కు రివెట్ చేస్తారు. తర్వాత రేకు కప్పి, క్లెకో అనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా పట్టి ఉంచుతారు. టైలర్ కుట్టేముందు గుండుసూదులు గుచ్చినట్టే ఇది. అంతా సరిగ్గా కూర్చుందని చూసుకున్నాకే రివెట్లు కొడతారు. ఒక్కో విమానంలో వేల రివెట్లు ఉంటాయి. రంధ్రం అంచున చిన్న గరుకు మిగిలినా, కొన్నేళ్ల తర్వాత పగులు అక్కడి నుంచే మొదలవ్వొచ్చు. అందుకే ప్రతి రంధ్రం అంచునూ నునుపు చేయాల్సిందే. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు.

పెద్ద కంపెనీ నుంచి వచ్చింది కదా అని కళ్లు మూసుకుని బిగించడానికి లేదు. వ్యాన్స్ కంపెనీ కొన్ని భాగాలను లేజర్‌తో కోయిస్తే, రంధ్రాల దగ్గర పగుళ్లు వస్తున్నాయని కొనుగోలుదారులే గుర్తించారు. ఆ భాగాలు మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చూ ఇతర నష్టాలూ కలిసి 2023 డిసెంబర్‌లో ఆ కంపెనీ అమెరికా దివాలా చట్టం కింద రక్షణ కోరింది. అప్పటికే కిట్ బుక్ చేసుకున్నవాళ్లకు ధరలు పెరిగాయి. అడ్వాన్స్ కట్టేముందు కంపెనీ లెక్కలు కూడా చూసుకోవాలని ఈ సంగతి చెబుతోంది.

రెక్కను బాడీకి కలపడం

రెండు రెక్కలూ ఒకే కోణంలో కూర్చోవాలి. ఒకటి కాస్త ఎత్తుగా, ఒకటి కాస్త దిగువగా ఉంటే విమానం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది. దీన్ని చూడటానికి వాడే సామాన్లు తాపీమేస్త్రీ సంచిలో ఉండేవే. రెక్క ముందు అంచు నుంచి దారాలకు గుండ్లు కట్టి వేలాడదీస్తారు. ఆ గుండ్లన్నీ ఒకే గీత మీదకు రావాలి. కోణం చూడటానికి రసమట్టం వాడతారు. రెండు రెక్కల కొసల నుంచి తోక దాకా టేపు పెట్టి కొలిస్తే రెండు వైపులా ఒకే దూరం రావాలి.

కొన్ని ఆర్‌వీ కిట్లలో వెనక స్పార్ బోల్టు రంధ్రం మాత్రం కంపెనీ వేసి పంపదు. కోణాలన్నీ కుదిరాక బిగించేవాళ్లే వేసుకోవాలి. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. రంధ్రం మధ్య నుంచి లోహం అంచు దాకా కనీసం బోల్టు మందానికి రెండింతల దూరం ఉండాలన్నది సాధారణ లెక్క. 8 మిల్లీమీటర్ల బోల్టు అయితే 16 మిల్లీమీటర్లు. అంతకన్నా తగ్గితే లోహం అక్కడ చిరగొచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఆ రంధ్రం వేసేముందు ఒకటికి నాలుగుసార్లు కొలుస్తారు.

అదుపు సంగతి పాతది

రెక్కల కంటే కష్టమైన విషయం అదుపు. 9వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కుర్తుబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని ఎగిరే ప్రయత్నం చేశాడని, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలిందని 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్-మక్కరీ రాశాడు. పక్షి తోక సాయంతో దిగుతుందన్న సంగతి పట్టించుకోకపోవడమే కారణమని కూడా అందులో ఉంది. జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంథాల్ రెండు వేలకు పైగా గ్లైడర్ ప్రయాణాలు చేసి, 1896 ఆగస్టులో గ్లైడర్ అదుపు తప్పి పడిపోయి చనిపోయాడు. రైట్ సోదరులు ముందు అదుపు మీదే పనిచేశారు. 1903 డిసెంబర్ 17న వాళ్ల మొదటి ప్రయాణం 12 సెకన్లే, దూరం 37 మీటర్లే. అయినా అందులో మూడు రకాల కదలికలకూ అదుపు ఉంది.

ఇవాళ్టి చిన్న విమానంలోనూ ఆ మూడే. రెక్కల వెనక అంచున ఉండే ఐలరాన్లు విమానాన్ని పక్కకు వంచుతాయి. తోక మీద అడ్డంగా ఉండే ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది. నిలువుగా ఉండే రడ్డర్ కుడి ఎడమలకు తిప్పుతుంది. చేతిలోని స్టిక్‌తో మొదటి రెండూ, కాళ్ల దగ్గరి పెడల్స్‌తో మూడోదీ నడుస్తాయి.

కంట్రోళ్లు బిగించే పద్ధతి

స్టిక్ కదలికను రెక్క దాకా తీసుకెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి పుష్‌రాడ్, అంటే నెట్టే లాగే గొట్టం. రెండోది స్టీలు కేబుల్. ఎక్కువ ఆర్‌వీ విమానాల్లో ఐలరాన్లకూ ఎలివేటర్‌కూ పుష్‌రాడ్లు, రడ్డర్‌కు కేబుళ్లు ఉంటాయి. మలుపు తిప్పాల్సిన చోట పుష్‌రాడ్‌కు బెల్‌క్రాంక్, కేబుల్‌కు పుల్లీ వాడతారు. సైకిల్ బ్రేకు, బైకు క్లచ్ కేబుల్ విప్పి బిగించినవాళ్లకు ఈ లెక్క తొందరగానే అర్థమవుతుంది.

తేడా ఎక్కడంటే బిగింపులో. షెడ్డులో ఉస్తాద్ ‘చేతికి తెలిసిపోతుంది’ అంటాడు. విమానంలో చేతి అంచనా పనికిరాదు, టార్క్ రెంచ్ కావాలి. కంట్రోళ్లలో ఎక్కువగా వాడే చిన్న బోల్టు నట్టుకు మామూలు కొలత 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు మాత్రమే. అలవాటు బలంతో లాగితే బోల్టు దెబ్బతింటుంది. తిరిగే జాయింట్లలో నట్టు వదులు కాకుండా కాటర్ పిన్ పెట్టాలి. కేబుల్ బిగువు సర్దే టర్న్‌బకిల్‌లో ఒక్కో వైపు మూడు మరల కంటే ఎక్కువ బయటికి కనిపించకూడదు. దానికి సేఫ్టీ వైర్ చుట్టాలి. పూర్తయిన ప్రతి నట్టు మీదా రంగు గీత పెడతారు. తర్వాత నట్టు కదిలితే ఆ గీత విరిగి కనిపిస్తుంది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అందుకే మన వేసవి వేడికి అల్యూమినియం బాడీ సాగి, లోపలి స్టీలు కేబుల్ మరింత బిగుసుకుంటుంది. కేబుల్ బిగువును ఆ రోజు ఉష్ణోగ్రత చూసి సర్దాలని మాన్యువళ్లు చెప్పేది ఇందుకే.

ఇంకో ప్రమాదం ఫ్లట్టర్. వేగం పెరిగినప్పుడు ఐలరాన్ జెండాలా కొట్టుకోవడం మొదలైతే కొన్ని క్షణాల్లోనే రెక్క విరిగిపోవచ్చు. దీన్ని ఆపడానికి ఐలరాన్ ముందు అంచులో బరువు పెడతారు. చాలా ఆర్‌వీల్లో ఆ బరువు ఇంటి నీళ్ల పైపులాంటి ఇనుప గొట్టమే. అందం కోసం వెనక అంచున ఇంకో పూత రంగు వేస్తే తూకం మారిపోతుంది. రంగు వేశాక మళ్లీ తూకం చూడాలి.

తలకిందుల కంట్రోళ్లు

అన్నీ గట్టిగానే బిగించినా కేబుళ్లు అటుదిటు ఇటుదటు కలిపితే, పైలట్ ఎడమకు తిప్పగానే విమానం కుడికి ఒరుగుతుంది. ఈ పొరపాటు కొత్తవాళ్లే చేస్తారనుకోవద్దు. 1947 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లో అవ్రో ట్యూడర్ విమానం లేవగానే కూలింది. ఐలరాన్ కంట్రోళ్లను తలకిందులుగా కలిపారు. లాంకాస్టర్ బాంబర్‌ను డిజైన్ చేసిన రాయ్ చాడ్విక్‌తో సహా నలుగురు చనిపోయారు. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో మరమ్మతు ముగించుకుని లేచిన ఎయిర్ అస్తానా ఎంబ్రాయర్ విమానంలోనూ ఐలరాన్ కేబుళ్లు తప్పుగా బిగించి ఉన్నాయి. సిబ్బంది చాలాసేపు గాలిలో పోరాడి చివరికి బేజాలో దింపగలిగారు.

అందుకే విమానయానంలో డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ అనే పద్ధతి ఉంది. కంట్రోళ్లు ఒకరు బిగించాక, అర్హత ఉన్న ఇంకొకరు విడిగా మొదటి నుంచి చూసి సంతకం పెట్టాలి. చేసినవాళ్ల కళ్లకు తమ తప్పు కనిపించకపోవడం సహజం. మన కిరాణా కొట్టు లెక్కల్లో కూడా అంతే, కూడినవాళ్లే మళ్లీ కూడితే అదే తప్పు మళ్లీ వస్తుంది.

పైలట్ ప్రతిసారీ ఎగిరేముందు చేసే పరీక్ష కూడా సులువైనదే. బొటనవేలు పైకి ఉండేలా స్టిక్ పట్టుకుని పక్కకు వంచాలి. బొటనవేలు ఏ రెక్క వైపు చూపిస్తే ఆ రెక్క ఐలరాన్ పైకి లేవాలి. స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ వెనక అంచు పైకి రావాలి. కుడి పెడల్ నొక్కితే రడ్డర్ కుడికి తిరగాలి. లోపల ఒకరు, బయట ఒకరు ఉండి, చూసింది పైకి చెప్పుకోవాలి.

మన దేశంలో దారి

మన దేశంలో 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం, 2024 వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. విమానం డిజైన్, తయారీ, నిర్వహణ అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. సొంత విమానమైనా డీజీసీఏ నమోదు, ఎగిరేందుకు అనుమతి, పైలట్‌కు లైసెన్స్ ఉండాలి.

ఈ దారి ఎంత పొడవో కెప్టెన్ అమోల్ యాదవ్‌కు తెలుసు. ముంబైలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారాయన. అది కిట్ కాదు, సొంత డిజైన్. 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు. నమోదు 2017 నవంబర్‌లో వచ్చింది. ఎగిరే అనుమతి 2019లో, ధూలేలో పరీక్షా ప్రయాణం 2020లో జరిగాయి. ఆయన వృత్తిరీత్యా విమానం పైలట్ అయినా ఇన్నేళ్లు పట్టింది.

నర్సీపట్నం వైపు ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ రన్‌వే లేదు. విశాఖ విమానాశ్రయం నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాతో కలిసి ఉంది. అనుమతి లేకుండా ఈ ప్రాంతంలో గాల్లోకి లేవడం అంటే ప్రాణంతో పాటు కేసు కూడా కొని తెచ్చుకోవడమే.

ఖర్చు కూడా చిన్నది కాదు. కేరళ నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడిన ఒక ఇంజినీరు 2020 లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టి నాలుగు సీట్ల స్లింగ్ కిట్ విమానం బిగించారు. దానికి దాదాపు 1,40,000 పౌండ్లు, అంటే కోటీ ముప్పై లక్షల రూపాయల పైమాటే అయ్యింది. ఇక్కడికి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ అదనం.

మరి ఈ పని మీద మనసున్న పిల్లల సంగతి? రెక్కలు, తోకలు బిగించే ఉద్యోగాలు ఇప్పుడు తెలుగు నేల మీదే ఉన్నాయి. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో టాటా బోయింగ్ ఏరోస్పేస్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు, 737 విమానాల నిలువు తోక భాగాలు తయారుచేస్తోంది. టాటా లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ సీ-130జే విమానాల తోక భాగాలు చేస్తోంది. 2021లో యుద్ధ విమానం రెక్క నమూనా కూడా చేసి చూపించింది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఐటీఐ ఫిట్టర్, డిప్లొమా చదివినవాళ్లకు చోటుంటుంది. విమానం నిర్వహణ ఇంజినీరు కావాలంటే ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకుని, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో ఏఎంఈ కోర్సు చేయాలి. ఫీజు కట్టేముందు ఆ గుర్తింపు ఇప్పటికీ అమల్లో ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఇంట్లో పిల్లలు షెడ్డులో యంత్రం తయారుచేస్తుంటే తిట్టి ఆపేయాల్సిన పని లేదు. రేడియో కంట్రోల్ మోడల్ విమానంలోనూ ఇవే ఐలరాన్లు, ఇవే ఎలివేటర్, రడ్డర్ ఉంటాయి. వాటితో నేర్చుకోవచ్చు. అయితే దాన్ని ఎక్కడ, ఎంత ఎత్తులో ఎగరేయొచ్చో ముందు కనుక్కోవాలి. మనిషి ఎక్కే యంత్రం దాకా వెళ్తే మాత్రం తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. డిజైన్ ఎవరిది? బిగించింది ఇంకెవరు తనిఖీ చేశారు? అనుమతి కాగితం ఏది? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, ఆ రోజు ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వకూడదు.