గరుకు వెండి తెరిచిన దారి

1928లో కలకత్తాలో సి.వి. రామన్ గుర్తించిన కాంతి పరిక్షేపణం ఎంత బలహీనమైనదో మీరెరుగుదురా? దాదాపు కోటి ఫోటాన్లలో ఒక్కటి మాత్రమే రంగు మార్చుకొని వెలువడుతుంది. అణువు ఆనవాలు ఉండేది ఆ ఒక్కదానిలోనే. దానితో జీవకణాన్ని చిత్రించడం దుస్సాధ్యమే.

దారి అనుకోకుండా తెరుచుకుంది. 1974లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌విలన్‌లు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడుపై పిరిడిన్ అనే రసాయనాన్ని పరీక్షించగా సంకేతం ప్రబలంగా వచ్చింది. గరుకువల్ల ఉపరితలం పెరిగి, ఎక్కువ అణువులు అంటుకున్నాయని వారు భావించారు. లెక్క కుదరలేదు! 1977లో అమెరికాలో వాన్ డైన్, ఇంగ్లాండులో క్రైటన్ తమ సహచరులతో వేర్వేరుగా అసలు సంగతి తేల్చారు: ఒక్కొక్క అణువు ఇచ్చే సంకేతమే లక్ష రెట్లకు పైగా హెచ్చింది. లోహంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగడమే అందుకు ప్రధాన కారణమని తర్వాత స్థిరపడింది.

2008లో అమెరికాలో షూమింగ్ నీ బృందం బంగారు నానో రేణువులకు, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే యాంటీబాడీ తునకలను తొడిగి, ఎలుకలలోని కణితిని చర్మం మీదుగానే పసిగట్టింది. “బంగారంతోనే తెలిసిపోతుందట, ముక్క పరీక్ష ఎందుకండీ?” అని అడిగేవారికి నేను ఈ ఎలుకల సంగతే చెబుతాను. ఆ రేణువులు కణితితోపాటు కాలేయంలో, ప్లీహంలో కూడా పేరుకున్నాయి. గడ్డ తగిలినవారికి నేటికీ నిర్ధారణ ముక్క పరీక్షతోనే.